తెర మీద బాణం ఎవరిది?

కారు ఆట ఆడేవాడు ఒకేసారి అన్నీ చూడాలి. రోడ్డు చూడాలి, ఎదురొచ్చే బళ్ళు చూడాలి, మలుపు ఎక్కడొస్తుందో చూడాలి. మధ్యలో ఒక్కసారి తెర మూలనున్న చిన్న మ్యాపు వైపు చూపు మళ్ళిందా, బండి గోడకు గుద్దుకుంటుంది. రేసు ట్రాకు ఆటల్లో ఈ బాధ లేదు, ఉన్నది ఒకటే దారి కాబట్టి. 1990లలో త్రీడీ వచ్చి, ఆటగాణ్ణి ఓ నగరం మధ్యలో వదిలేసి ‘నీకు నచ్చిన దారిన పో’ అనడం మొదలయ్యాకే చిక్కు వచ్చిపడింది. దారి చూపాలి, కానీ చూపును రోడ్డు మీంచి తప్పించకూడదు.

దీనికి సెగా కంపెనీ ఇచ్చిన జవాబు 1999లో ఆర్కేడ్‌లకు వచ్చిన ‘క్రేజీ టాక్సీ’లో కనిపిస్తుంది. ప్రయాణికుడు ఎక్కగానే కారుకు పైన, గాలిలో, ఒక పెద్ద బాణం తేలుతుంది. కారు తిరిగితే బాణమూ తిరుగుతుంది. గమ్యం ఎటుందో అటే చూపిస్తూ ఉంటుంది. ఆ మరుసటి ఏడు ఇంట్లో ఆడుకునే డ్రీమ్‌కాస్ట్ యంత్రం మీదికి ఆ ఆట వచ్చాక, బాణాన్ని చూసి నడపడం ఒక తరం పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య అయింది.

ఆ బాణం వెనకున్న పనిని మన హైదరాబాదు వీధుల్లోనే చూద్దాం. మధురానగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఒకర్ని ఎక్కించుకుని ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్ దగ్గర దింపాలి. ఆటలో నగరమంతా అంకెలే. ఫిల్మ్ ఛాంబర్ ఉన్న చోటి అంకెల్లోంచి బండి ఉన్న చోటి అంకెలు తీసేస్తే దిక్కు తెలుస్తుంది. అయితే అది నగరం లెక్కలో దిక్కు. ఆటగాడు చూస్తున్నది బండి వెనకాలున్న ఊహా కెమెరాలోంచి. యూసఫ్‌గూడ వైపు స్టీరింగ్ తిప్పగానే కెమెరా కూడా తిరుగుతుంది. కాబట్టి వచ్చిన దిక్కును కెమెరా కోణానికి సరిపడా తిప్పాలి, బాణం బొమ్మను ఆ వైపుకు వంచాలి, రోడ్డుకూ భవనాలకూ అడ్డం కాని చోట మళ్ళీ గీయాలి. సెకను పూర్తయ్యేలోగా ఈ లెక్క పదుల సార్లు జరగాలి. కృష్ణానగర్ సందుల్లో మెలికలు తిరుగుతున్న ఆటగాడికి ఇదేమీ తెలియదు. తెలియక్కర్లేదు కూడా.

సెగా దీన్ని పేటెంటు చేసింది. అమెరికా పేటెంటు నంబరు 6,200,138. మంజూరైంది 2001 మార్చిలో. అందులో బాణం ఒక్కటే లేదు. కారు చుట్టూ కంటికి కనిపించని ప్రమాద వలయం ఒకటి గీసి, దాంట్లోకి వచ్చిన మనిషి బొమ్మను కారుకు దూరంగా పక్కకు జరిపే పద్ధతి కూడా ఉంది. ఆటలో జనం కారు కింద పడకుండా చివరి క్షణంలో ఎగిరి తప్పుకుంటారే, అదన్నమాట.

అదే 2001 చివర్లో ‘ది సింప్సన్స్: రోడ్ రేజ్’ అనే ఆట వచ్చింది. కార్టూన్ కుటుంబం కారెక్కి, ఊళ్ళో జనాన్ని ఎక్కించుకుని, టైము అయిపోయేలోగా దింపాలి. దారి చూపడానికి అక్కడా ఒక గుర్తు. 2003 డిసెంబరులో సెగా కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుకెక్కింది. ప్రతివాదులు ఫాక్స్, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, ఆట తయారుచేసిన ర్యాడికల్ సంస్థ. డ్రైవింగ్ ఆటల చరిత్రలో ఇంతగా అందరూ చెప్పుకున్న పేటెంటు తగాదా ఇంకొకటి లేదనుకుంటాను. కానీ చివరికి ఇరుపక్షాలూ కోర్టు బయట రాజీపడ్డాయి. ఎంతకు కుదిరిందో లోకానికి చెప్పలేదు. అసలు ప్రశ్నకు న్యాయమూర్తి జవాబే దొరకలేదు: తెర మీద దారి చూపించే బాణం ఒక ఆవిష్కరణా, లేక ఆటలో ఒక ఆలోచన మాత్రమేనా?

ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు ఈ తగాదా వినగానే తెలిసినట్టే అనిపిస్తుంది. ‘నా కథ కాపీ కొట్టారు’ అన్న మాట ఇక్కడ ఏ పెద్ద సినిమా విడుదలైనా వినపడుతూనే ఉంటుంది. టైటిల్ రిజిస్టర్ చేయించడం, కథను రచయితల సంఘంలో నమోదు చేయించడం ఇక్కడి రోజువారీ పనులు. అయితే ఆ తగాదాలు కాపీరైటువి. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది కూడా ఇదే: ఒక నాటకంలోని ఆలోచన సినిమాలో కనపడినంత మాత్రాన తప్పు కాదు, ఆ ఆలోచనను చెప్పిన తీరును ఎత్తుకుంటేనే తప్పు. పేటెంటు లోకం వేరు. ఎదుటివాడు నీ ఆట కళ్ళతో చూడకపోయినా, తనంతట తానే ఆలోచించి చేసినా, నీ పేటెంటులో రాసిన పద్ధతి వాడితే నీకు బాకీ పడతాడు. ఇరవై ఏళ్ళ పాటు. ఇంత పదునైన హక్కు కాబట్టే దేన్ని ఇవ్వాలి, దేన్ని ఇవ్వకూడదు అన్నది నిక్కచ్చిగా తేలాలి. అది తేలింది ఎక్కువగా పేటెంటు ఆఫీసు గదుల్లో కాదు, అప్పీళ్ళలో.

బాణం ప్రశ్నకు అతి దగ్గరి ప్రశ్న మీద అప్పీలు తీర్పు వచ్చింది యూరప్‌లో. అక్కడి ఆట కారుది కాదు, ఫుట్‌బాల్‌ది. కొనామి సంస్థ దరఖాస్తు. తెర మీద చాలామంది ఆటగాళ్ళ బొమ్మలు. మన చేతిలో ఉన్నది ఎవరో తెలియడానికి వాడి కాళ్ళ చుట్టూ ఒక వలయం గుర్తు. బంతి ఎవరికి అందించాలో ఆ తోటి ఆటగాడు తెర బయటికి వెళ్ళిపోతే? తెర అంచున ఒక గుర్తు వచ్చి, అతను ఎటువైపున ఉన్నాడో చెబుతుంది. పేటెంటు పరిశీలకులు కాదన్నారు. ఆటగాడి బుర్రకు సమాచారం ఇవ్వడం తప్ప ఇందులో సాంకేతికత ఏముంది అన్నది వాళ్ళ వాదన.

2006 జూన్ 2న యూరోపియన్ పేటెంట్ ఆఫీసు అప్పీళ్ళ బోర్డు వేరేలా చూసింది. టీ 928/03 అని ఆ తీర్పును పిలుస్తారు. రెండు అవసరాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని బోర్డు గుర్తించింది. బొమ్మ పెద్దగా కనపడాలంటే తెరలో పట్టే మైదానం చిన్నదవుతుంది. మైదానమంతా కనపడాలంటే బొమ్మ చీమంత అవుతుంది. తెర పరిమాణం పెరగదు. ఈ ఇరకాటంలోంచి బయటపడే దారి చూపినప్పుడు, మరుగున పడే గుర్తును కచ్చితంగా కనపడేట్టు చేసినప్పుడు, అది తెర చేసే పని మీద ప్రభావం చూపించే సాంకేతిక సంగతే అవుతుంది. ఆ సమాచారం చూసి ఆటగాడు తర్వాత ఏదో నిర్ణయం తీసుకుంటాడన్న కారణంతో ఆ సాంకేతికత మాసిపోదు. తీర్పు సారాంశం ఇది.

నా మటుకు నాకు ఈ తీర్పు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఆటలో ఏది వినోదం, ఏది యంత్రం చేసే పని అన్న గీతను ఇంత శుభ్రంగా గీసినవి తక్కువ. గోలు కొట్టాలన్న ఆశ, పాసు ఇవ్వాలన్న ఎత్తు ఆటగాడివి. ఇరుకు తెరలో కనపడనిదాన్ని కనపడేలా చేయడం యంత్రానిది. ఇదే కొలతతో చూస్తే టాక్సీ బాణం కూడా యంత్రం వైపే నిలబడుతుంది. ‘టాక్సీ నడిపే ఆట’ అన్న ఆలోచన మాత్రం ఎవరి సొత్తూ కాదు.

పేటెంటు ఇవ్వదగినది కావడం ఒక ఎత్తు, అది కొత్తది కావడం ఇంకో ఎత్తు. దీనికీ కారు ఆటే సాక్ష్యం. 1994లో నామ్కో తెచ్చిన ‘రిడ్జ్ రేసర్’ ఆట మొదటి ప్లేస్టేషన్‌లో డిస్కు మీంచి ఎక్కేలోపు ఆటగాడు విసుగెత్తకుండా ‘గెలాక్సియన్’ అనే పాత చిన్న ఆట ఆడుకోనిచ్చేది. ముందు చిన్న ప్రోగ్రామును మెమరీలోకి లాగి నడిపిస్తూ, వెనకాల పెద్దదాన్ని లాగడం అందులో కిటుకు. దీన్ని నామ్కో అమెరికాలో పేటెంటు చేసుకుంది, అది 2015 నవంబరు దాకా బతికింది. అన్నాళ్ళూ లోడింగ్ తెర మీద చిన్న ఆట పెట్టాలంటే మిగతా స్టూడియోలు వెనకాడాయి. కానీ 1987లోనే కమొడోర్ 64 కంప్యూటరుకు క్యాసెట్టు ఎక్కేలోపు ఆడుకునే ‘ఇన్వేడ్-ఎ-లోడ్’ ఉంది. యంత్రం వైపు నిలబడే పద్ధతే అయినా, అంత దగ్గరి పాత పని ఉండగా ఇంత విశాలమైన హక్కు ఇవ్వడం సరికాదని నేను గట్టిగా అనుకుంటాను. మూడు నాలుగేళ్ళకు ఒక తరం యంత్రం పాతబడే రంగంలో ఇరవై ఏళ్ళంటే ఎంతటి కాలం!

ఇక మన దగ్గరికొద్దాం. మధురానగర్ ఉన్న చోటు చూడండి. ఒకపక్క సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే అమీర్‌పేట, ఇంకోపక్క సినిమా కార్మికులూ జూనియర్ ఆర్టిస్టులూ ఉండే కృష్ణానగర్, ఆ పైన జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్. కోడు రాసేవాళ్ళూ బొమ్మ కదిలించేవాళ్ళూ ఒకే మెట్రో ఎక్కుతారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు కూడా హైదరాబాదులో స్టూడియో ఉంది. ఇక్కడి కుర్రవాళ్ళలో ఒకరు కారు ఆటకు కొత్త పద్ధతి కనిపెట్టారనుకుందాం. ఏమవుతుంది?

1970 నాటి పేటెంట్ల చట్టంలో రెండు గడపలు దాటాలి. సెక్షన్ 3లో (ఎం) అనే భాగం ఆట ఆడే పద్ధతిని ఆవిష్కరణగా ఒప్పుకోదు. చదరంగానికి కొత్త నియమం కనిపెట్టి పేటెంటు అడగలేం. (కె) అనే భాగం గణిత పద్ధతినీ, వ్యాపార పద్ధతినీ, ఆల్గారిథంనూ, ‘పర్ సే’ అంటే కేవలం తనంతట తానుగా ఉన్న కంప్యూటర్ ప్రోగ్రామునూ పక్కన పెడుతుంది. ఇది 2003 మే నుంచి అమల్లో ఉంది. 2004 చివర్లో ఆర్డినెన్సుతో దీన్ని సడలించారు, మరుసటి ఏడు పార్లమెంటు ఆ సడలింపును ఒప్పుకోలేదు. ఆ తర్వాత పేటెంటు ఆఫీసు మార్గదర్శకాలు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా మారాయి. 2016లో కొత్త హార్డ్‌వేర్ ఉంటేనే చూస్తామన్నారు, 2017లో ఆ షరతు తీసేశారు.

ఈ గజిబిజిలో గీత గీసింది మళ్ళీ ఒక అప్పీలే. ఫెరిద్ అలానీ అనే ట్యునీషియా పౌరుడు వెబ్‌లో సమాచారం అందుకునే పద్ధతి మీద 2002లో మన దేశంలో దరఖాస్తు పెట్టాడు. ఆఫీసు కాదంది. చెన్నై కేంద్రంగా పనిచేసిన మేధోసంపత్తి అప్పీళ్ళ బోర్డు 2013లో కాదంది. 2019 డిసెంబరు 12న ఢిల్లీ హైకోర్టు జస్టిస్ ప్రతిభా సింగ్ ఆ కేసును మళ్ళీ చూడమన్నారు. కార్లలో, వాషింగ్ మెషీన్లలో, ఫ్రిజ్‌లలో అన్నింటా ప్రోగ్రాములున్న కాలంలో, ప్రోగ్రాము ఉంది కాబట్టి ఆవిష్కరణ కాదనడం వెనకబాటుతనమే అవుతుందనీ, సాంకేతిక ప్రభావం గానీ సాంకేతిక తోడ్పాటు గానీ చూపిస్తే అది పేటెంటుకు అర్హమేననీ ఆ తీర్పు చెప్పింది. 2020 జులైలో బోర్డు ఒప్పుకుంది. దరఖాస్తు పెట్టింది 2002లో అని మరోసారి గుర్తుచేసుకోండి. పద్ధతి పాతబడి, దాని అవసరమే తీరిపోయాక చేతికొచ్చిన కాగితం అది. మన వ్యవస్థ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. తీర్పులు మంచివి వస్తున్నాయి, కానీ ఆవిష్కర్త జీవితంలో సగం గడిచాక వస్తున్నాయి. 2023 మేలో మైక్రోసాఫ్ట్ అప్పీల్లోనూ ఢిల్లీ హైకోర్టు ఇదే దారిలో నడిచి, తిరస్కరణను పక్కనపెట్టి కేసును వెనక్కి పంపింది.

సినిమావాళ్ళ మనసుకు దగ్గరగా వచ్చే అప్పీలు మాత్రం అమెరికాది. అది పెదవుల గురించి. డబ్బింగ్ థియేటరులో పెదవికీ మాటకూ పొంతన కుదరక మళ్ళీ మళ్ళీ చెప్పించిన అనుభవం ఉన్నవాళ్ళకు దాని విలువ చప్పున తెలుస్తుంది. యానిమేషన్‌లో పొంతన కుదర్చడం ఇంకా కష్టం. ‘ప’ అన్నప్పుడు పెదవులు కలవాలి, ‘ఆ’ అన్నప్పుడు నోరు తెరుచుకోవాలి. ఒక్కో శబ్దం దగ్గర ఆగి, ముఖం ఎంత మారాలో కళాకారుడు కంటి అంచనాతో చేత్తో పెట్టేవాడు. మౌరీ రోజెన్‌ఫెల్డ్ అనే ఆయన 1990లలో దీనికి నియమాలు రాశాడు. ఏ శబ్దం తర్వాత ఏ శబ్దం వస్తోంది, ఎంతసేపు ఉంది అన్నదాన్ని బట్టి ముఖం ఏ రూపంలోంచి ఏ రూపంలోకి ఎంత మేరకు మారాలో యంత్రమే లెక్కగట్టేలా. ఆయన సంస్థ మెక్రో, ప్లానెట్ బ్లూ అన్న పేరుతో నడిచేది. 2012లో అది గేమ్ కంపెనీల మీద వరసగా దావాలు వేసింది. ప్రతివాదుల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: బందాయ్ నామ్కో, కొనామి, సెగా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, రేసు ఆటలకు పేరుపడ్డ కోడ్‌మాస్టర్స్. తొమ్మిదేళ్ళ కిందట బాణం కోసం కొట్టుకున్న సెగా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇప్పుడు ఒకే పక్షాన నిలబడ్డాయి.

2014లో జిల్లా కోర్టు ఆ పేటెంట్లు కేవలం అమూర్త ఆలోచనలని కొట్టేసింది. 2016 సెప్టెంబరు 13న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది. కళాకారుడు తన అంచనాతో చేసే పనినే కంప్యూటరు మీదికి ఎక్కించడం కాదిది. మనిషి వాడని ప్రత్యేకమైన నియమాలను యంత్రం వాడి ఫలితం సాధిస్తోంది, కాబట్టి పేటెంటుకు తగినదే అంది. ప్రపంచమంతా ఆ తీర్పును ఉదాహరణగా చెప్పుకుంది. అయితే మెక్రో కథ ఆ గెలుపుతో ముగియలేదు. 2020 మేలో అదే అప్పీలు కోర్టు ఇంకో మాట చెప్పింది. పేటెంటులో రాసుకున్న భాష ప్రకారం ముఖంలోని బిందువులు ఒక చోటినుంచి ఇంకో చోటికి జరిగే లెక్క ఉండాలి. గేమ్ కంపెనీలు ముఖంలో ఊహా ఎముకలు పెట్టి వాటిని తిప్పుతున్నాయి. దారి వేరు, కాబట్టి ఉల్లంఘన లేదు. ఎంతో కష్టపడి గెలిచిన హక్కు, తాను రాసుకున్న మాటల హద్దులోనే ఆగిపోయింది.

ఇది విన్నాక మన జూబిలీహిల్స్ వైపు చూస్తే పని చాలా ఉందనిపిస్తుంది. సినిమాలో కారు నడిపే సన్నివేశం ఒకప్పుడు బ్యాక్ ప్రొజెక్షన్‌తో తీసేవాళ్ళు. కదలని కారు, వెనక తెర మీద కదిలే రోడ్డు. తర్వాత గ్రీన్ మ్యాట్ వచ్చింది. ఇప్పుడు అన్నపూర్ణ స్టూడియోస్ 2022లో క్యూబ్ సంస్థతో కలిసి మొదలుపెట్టినటువంటి వర్చువల్ స్టేజీల్లో, కారు చుట్టూ ఎల్ఈడీ గోడ మీద రోడ్డు పరుగెడుతుంది. ఇలాంటి స్టేజీలను నడిపేది గేమ్ ఇంజనే. అలాంటి ఇంజన్లలో ఒకటైన అన్‌రియల్ ఇంజన్ పుట్టింది 1998 నాటి ఒక కాల్పుల ఆట కోసం. కెమెరా ఎక్కడుందో యంత్రం ప్రతి క్షణం పసిగట్టి, ఆ కోణంలోంచి రోడ్డు ఎలా కనపడాలో లెక్కగట్టి గోడ మీద గీస్తుంది. టాక్సీ బాణానికి చేసిన లెక్కే ఇక్కడ కొన్ని వేల రెట్లు. కెమెరా కదలికకూ గోడ మీద బొమ్మకూ మధ్య పడే ఆలస్యాన్ని తగ్గించే పద్ధతి, బానెట్ మీద పడే వెలుగును ముందే ఊహించి సరిచేసే పద్ధతి, తక్కువ ఖర్చు యంత్రంతో అదే పని చేయించే పద్ధతి: ఇవన్నీ యంత్రం వైపు నిలబడే సంగతులే. ‘స్టూడియోలోనే కారు సీను తీయడం’ అన్నది మాత్రం ఎవ్వరి ఆస్తీ కాదు.

ఇక్కడి కుర్రవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి, పద్ధతి పనిచేయగానే డెమో వీడియో తీసి లోకానికి చూపించేస్తారు. దరఖాస్తుకు ముందే అందులోని కిటుకు బయటపడితే మన చట్టంలో కొత్తదనం పోతుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. పూర్తి స్పెసిఫికేషన్ రాయడానికి టైము లేకపోతే ప్రొవిజనల్ దరఖాస్తు పెట్టి, పన్నెండు నెలల్లో పూర్తిది ఇచ్చుకోవచ్చు. రెండోది, ఆట ఎంత బావుంటుందో పేజీల కొద్దీ రాసి, మెమరీలో ఏం ఆదా అయింది, ఎన్ని మిల్లీసెకన్లు తగ్గింది, తెర మీద ఇంతకుముందు కనపడనిది ఏం కనపడుతోంది అన్నది ఒక్క పేరాలో ముగిస్తారు. కొనామి గెలిచింది ఆ ఒక్క పేరా బలంతోనే.

తిరస్కరణ వస్తే ఎక్కడికి వెళ్ళాలి? తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు వెళ్ళేది చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయానికి. 2021 ఏప్రిల్‌లో అప్పీళ్ళ బోర్డును రద్దు చేశాక ఆ పని హైకోర్టులకు వెళ్ళింది. ఏ హైకోర్టు అన్న తగాదా మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పేరు మీదే 2022 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో తేలింది: దరఖాస్తుకు సంబంధించిన పేటెంటు ఆఫీసు ఏ హైకోర్టు పరిధిలో ఉంటే అక్కడికే అప్పీలు. అంటే మనకు మద్రాసు హైకోర్టు. అక్కడ మేధోసంపత్తి కేసులకు విడిగా ఒక విభాగం పనిచేస్తోంది. ఒకప్పుడు సినిమా కోసం రైలెక్కి మద్రాసు కోడంబాకం వెళ్ళిన తెలుగువాళ్ళ పిల్లలు, సినిమా హైదరాబాదుకు తరలివచ్చిన ఇన్నేళ్ళకు, తమ ఆటల ఫైళ్ళు పట్టుకుని అదే ఊరికి వెళ్ళాలి. నిర్ణయం వెలువడిన తేదీ నుంచి గడువు మూడు నెలలు. అది దాటితే ఆలస్యానికి కారణం చెప్పుకుని హైకోర్టు అనుమతి తెచ్చుకోవాలి.